కళకు ధర, కళాకారుడికి ప్రచారం: కళామండలి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?

తప్పెటగుళ్లు అనే జానపద ఆట ఆడే బృందం నాయకుడికి ఫోన్ చేసి “ఏమండీ, మీ బృందం ఎంత తీసుకుంటుంది?” అని అడగండి. విజయనగరం పల్లెల్లో ఎక్కువగా వచ్చే జవాబు “మీరెంతిస్తే అంత బాబూ.” ఆ మాటలో మర్యాద ఉంది, లెక్క లేదు. బండి కిరాయి, తిండి, పోయిన కూలి రోజులు తీసేస్తే ఆటాడినవాడి చేతికి ఏం మిగులుతుందో ఆ మాట చెప్పదు. పిలిచినవాళ్లకూ ఇబ్బందే. అంచనా లేకుండా ఫైలు కదలదు.

కళాకారులకు వ్యాపార మెలకువలు, ప్రచారం నేర్పాలన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. కళాకారుణ్ణి వర్తకుణ్ణి చేస్తారా అని కొందరు నొచ్చుకుంటారు. ఒక్కరోజు సదస్సు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే పని అయిపోయిందని కొందరు అనుకుంటారు. అసలు ఆ నేర్పేది ఏమిటి, ఎవరు నేర్పుతారు, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నవి విడివిడిగా చూస్తే ఈ రెండు మాటలూ ఎంతవరకు నిలుస్తాయో తెలుస్తుంది.

కళామండలి అంటే ఏ ఆఫీసు?

బ్రిటన్‌లో 1946లో రాజశాసనంతో (రాయల్ చార్టర్) ఆర్ట్స్ కౌన్సిల్ ఏర్పడింది. డబ్బు ప్రభుత్వానిది, ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం కౌన్సిల్‌ది. మంత్రి ఇష్టాయిష్టాలకు కళ లోబడకూడదని ఈ దూరం పెట్టారు. అమెరికాలో జాతీయ స్థాయి సంస్థ 1965లో వచ్చింది. అక్కడ కౌంటీలు, పట్టణాల స్థాయిలో స్థానిక మండళ్లూ పనిచేస్తాయి. వాటి పని చిన్న గ్రాంట్లతో ఆగదు. కళాకారుల జాబితా ఉంచడం, ధర కట్టడం నేర్పడం, ఒప్పంద పత్రం చదివి పెట్టడం, ఫోటోలు తీయించడం, కొనేవాళ్లను పిలిచి ఒకచోట కూర్చోబెట్టడం అన్నీ వాటి పనిలో భాగమే.

మన దేశంలో కేంద్ర స్థాయిలో సంగీత నాటక అకాడమీ 1953లోను, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ 1954లోను మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సభ్యరాష్ట్రంగా ఉన్న దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం 1986 నుంచి తంజావూరులో ఉంది. వీటి చూపు ఎక్కువగా ప్రదర్శనలు, పురస్కారాలు, శిక్షణ మీద. బేరసారాల మీద తక్కువ.

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఈ పనులన్నీ చేసే ఆఫీసు ఒక్కటంటూ లేదు. పనులు మాత్రం ముక్కలుముక్కలుగా ఉన్నాయి. ప్రదర్శనకు పిలుపు భాషా సాంస్కృతిక శాఖ వైపు నుంచి వస్తుంది. చేతివృత్తివారి గుర్తింపు కార్డు కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం ఇస్తుంది. రుణం, రిజిస్ట్రేషన్ అంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాలి. మహిళా సంఘాలైతే జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ), సవర, జాతాపు గిరిజన కళాకారులైతే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ). అమ్మకానికి రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల దుకాణాలు, లేపాక్షి ఎంపోరియంలు ఉన్నాయి. సంగీతం నేర్పడానికి 1919లో పుట్టిన విజయనగరం సంగీత కళాశాల ఉంది, దాని తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు.

అంటే తలుపులు చాలానే ఉన్నాయి. ఒక తలుపు దాటినవాణ్ణి రెండో తలుపు దాకా తీసుకెళ్లే మనిషి లేడు. స్థానిక కళామండలి అన్నది, దాన్ని ఏ పేరుతో పిలిచినా, ఆ మనిషి చేసే పని. ఈ వ్యాసంలో కళామండలి అంటే అదే. కలెక్టరేట్‌లో ఒక విభాగం కావచ్చు, కళాకారుల సంఘం కావచ్చు, కళాశాల పూర్వ విద్యార్థులు నడిపే చిన్న కార్యాలయం కూడా కావచ్చు.

బొమ్మ వీణ ధర: ముప్పై శాతం ఎక్కడ పోయింది?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే చెక్కలోంచి వస్తాయి. 24 మెట్లు, 7 తీగల పెద్ద వీణ కొనేవాళ్లు ఎప్పుడోగాని రారు. కార్ఖానా నడిచేది ఎక్కువగా సన్మానాల్లో జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణలతో. ధర తప్పేదీ వీటి దగ్గరే.

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఒక చిన్న వీణకు చెక్క 250 రూపాయలు, తీగలూ మెట్ల లోహమూ 150, మైనం, పాలిష్, రంగు 120, అద్దాల డబ్బా 130. సరుకు ఖర్చు మొత్తం 650. పని రోజున్నర. రోజుకు 700 చొప్పున కూలి 1,050. ఇక్కడికి 1,700. చాలామంది ఇక్కడే ఆగిపోయి, పైన వంద వేసుకుని ధర చెప్పేస్తారు.

లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి. పగిలి పారేసిన చెక్క, ఉలికి సాన, కరెంటు, ఫోను, సరుకు కోసం విశాఖ వెళ్లొచ్చిన చార్జీలు. వీటికి పదోవంతు, అంటే 170 కలిపితే అసలు ఖర్చు 1,870. లాభం 280 వేసుకుంటే కార్ఖానా ధర 2,150. తన కూలి తాను తీసుకున్నాక మిగిలేదే లాభం. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం కళాకారుల్లో బాగా పాతుకుపోయిన పొరపాటు. వచ్చే నెల చెక్క కొనాల్సింది ఆ 280 లోంచే.

ఇప్పుడు ఒక షాపువాడు వచ్చి “నాకు ముప్పై శాతం కమీషన్” అంటాడు. కళాకారుడు 2,150కి ముప్పై శాతం కలిపి 2,795 అని చీటీ అంటిస్తాడు. షాపువాడు తన ముప్పై శాతం తీసుకునేది అమ్మిన ధర మీద, కార్ఖానా ధర మీద కాదు. 2,795లో ముప్పై శాతం దాదాపు 839. చేతికొచ్చేది 1,956. అంటే అనుకున్నదానికన్నా 194 తక్కువ. లాభం 280లో మూడింట రెండు వంతులు ఒక్క లెక్క తప్పులో కొట్టుకుపోయింది. సరైన పద్ధతి 2,150ని 0.7తో భాగించడం. వచ్చేది 3,071, చిల్లర సరిచేసి 3,100 అనుకోవచ్చు.

దాంతో ఇంకో చిక్కు పుడుతుంది. షాపులో 3,100 ఉన్న వీణను గొల్లపల్లి వచ్చినవాళ్లకు 2,150కే ఇస్తే ఆ సంగతి దాగదు. ఒక కొనుగోలుదారు షాపులో చూసి ఊరికి వచ్చి కొంటాడు, షాపువాడు మరోసారి సరుకు తీసుకోడు. అందుకే రెండుచోట్లా ఒకే ధర ఉండాలని మండళ్లు చెబుతాయి. నేరుగా అమ్మినప్పుడు మిగిలే తేడా కళాకారుడు సరుకు చూపించడానికి, బేరానికి, ప్యాకింగుకు పెట్టిన సమయానికి ఖరీదు. ఊరికి వచ్చినవాళ్లు తగ్గింపు ఆశిస్తారు కాబట్టి ఇది చెప్పినంత తేలిక కాదు. కొందరు వందో రెండొందలో తగ్గించి సర్దుకుంటారు.

షాపు ముందే డబ్బిచ్చి కొంటుందా, అమ్మాక ఇస్తుందా అన్నది కమీషన్ శాతం కన్నా పెద్ద ప్రశ్న. అమ్మాకే డబ్బు అన్న పద్ధతిలో పది వీణలిస్తే 18,700 రూపాయల పెట్టుబడి షాపు బీరువాలో కూర్చుంటుంది. చీటీ లేకుండా ఇస్తే తీగ తెగిన వీణకు, రంగు వెలిసిన డబ్బాకు ఎవరు బాధ్యులో తేలదు. సరుకు ఇచ్చిన తేదీ, సంఖ్య, ధర, కమీషన్, డబ్బిచ్చే గడువు, పాడైతే భారం ఎవరిది అన్న ఆరు మాటలున్న ఒక పేజీ సరిపోతుంది. మండలి దగ్గర ఆ పేజీ తెలుగులో అచ్చువేసి ఉంటే సగం గొడవలు పుట్టవు.

పదహారుమంది, ఒక బండి, రెండు రోజులు

ప్రదర్శన కళల లెక్క వేరు. ఇక్కడ సరుకు లేదు, మనుషులే ఉన్నారు. రొమ్ముకు వేలాడే రేకు తప్పెటను రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గెంతుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురాలు కట్టే ఆట తప్పెటగుళ్లు. ఇది ఇద్దరితోనో ముగ్గురితోనో అయ్యేది కాదు.

పదహారుమంది బృందానికి విజయవాడలో ప్రదర్శన, పారితోషికం 60,000 అనుకుందాం. విజయనగరం నుంచి రానూపోనూ సుమారు 800 కిలోమీటర్లు. కిలోమీటరుకు 28 చొప్పున బండికి 22,400, డ్రైవరు బత్తా, టోలు కలిపి 2,600. తిండికి మనిషికి రోజుకు 250 చొప్పున రెండు రోజులకు 8,000. గజ్జెల పట్టీలు, తప్పెట తాళ్లు, రుమాళ్లకు 1,500. ఖర్చు 34,500. మిగిలేది 25,500, తలకు 1,593. రెండు రోజులు కాబట్టి రోజుకు 800కి కాస్త తక్కువ.

అదే పారితోషికం 40,000 అయితే తలకు 343. రెండు రోజులకు! ఉభాల (వరి నాట్ల) రోజుల్లో ఊళ్లో కూలి మానుకుని ఎవరు వస్తారు? పిల్లలు ఈ ఆటలోకి రావడం లేదని పెద్దలు వాపోతుంటారు గానీ, ఈ భాగహారం చూశాక పిల్లల్ని తప్పుపట్టాలనిపించదు.

అందుకే మండళ్లు బృందాలకు మూడు ధరలు రాసి ఉంచుకోమంటాయి. జిల్లాలో ఒక పూట, రాష్ట్రంలో రాత్రి బస ఉన్నది, రాష్ట్రం బయట. పారితోషికం వేరు, ప్రయాణం, బస, భోజనం వేరు అని విడగొట్టడం ఇందులో కీలకం. పిలిచినవాళ్లు బండి తామే పెడితే బృందానికి డీజిలు ధర బెడద ఉండదు. బడ్జెట్ తక్కువంటే తలకు వచ్చే పారితోషికం తగ్గించకుండా మనుషుల్ని తగ్గించి పదిమంది ఆట ఇవ్వవచ్చు. గోపురం చిన్నదవుతుంది, మనిషికి వచ్చేది తగ్గదు. కళ పలచబడుతుందని గురువులు దీనికి ఒప్పుకోరు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాబట్టి ఎంత చిన్న బృందం వరకు ఆట ఆటగా నిలుస్తుందో నిర్ణయించాల్సింది గురువే, మండలి కాదు.

చెక్కు ఎవరి పేరున?

బృందానికి బ్యాంకు ఖాతా లేకపోతే డబ్బు నాయకుడి ఖాతాలో పడుతుంది. పన్ను శాఖ లెక్కలో ఆ మొత్తమంతా ఆయన ఆదాయమే. ఏడాదికి ఇలాంటి ప్రదర్శనలు పదైతే ఆరు లక్షలు ఆయన పాన్ మీద కనిపిస్తాయి, ఆయన జేబులో మిగిలింది పదహారు వేలయినా సరే. రేషన్ కార్డో పింఛనో పోతుందన్న భయంతో కొందరు నాయకులు నగదు మాత్రమే తీసుకుంటారు. అప్పుడు రసీదు ఉండదు, ఎన్ని ప్రదర్శనలు ఇచ్చారో చెప్పే రుజువూ ఉండదు. రేపు గ్రాంటుకో కళాకారుల పింఛనుకో దరఖాస్తు పెట్టాల్సి వస్తే చూపించడానికి కాగితం ముక్క దొరకదు.

దీనికి దారి, బృందాన్ని సంఘంగా రిజిస్టర్ చేయడం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నియమావళి దాఖలు చేసి, సంఘం పేరున పాన్, ఖాతా తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టడం, కార్యవర్గ జాబితా, లెక్కలు సమర్పించడం. రెండేళ్లు మానేస్తే సంఘం కాగితాల మీదే మిగులుతుంది. ఈ ఏటేటి పనికి మండలిలో ఒక గుమాస్తా ఉంటే ఇరవై బృందాలకు సరిపోతాడు. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం కన్నా ఈ గుమాస్తా ఎక్కువ మేలు చేస్తాడు.

పన్ను కోత మీద అపోహలు ఎక్కువ. నిర్వాహకులు కొందరు దీన్ని వృత్తి రుసుముగా చూసి 10 శాతం, కొందరు కాంట్రాక్టుగా చూసి 1 లేదా 2 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మన లెక్కలో పాన్ ఉండి 10 శాతం కోస్తే 6,000, పాన్ లేకపోతే 12,000. తలకు 375 రూపాయల తేడా అక్కడే ఉంది. పన్ను పడనంత తక్కువ ఆదాయమైతే రిటర్ను వేసి ఆ కోతను వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయడం, పన్ను కట్టడం రెండూ ఒకటి కావు.

జీఎస్టీ సంగతి కొంచెం మేలు. జానపద, శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకాల్లో కళాకారుడి ప్రదర్శనకు తీసుకునే మొత్తం 1,50,000 మించకపోతే జీఎస్టీ వర్తించదు. వస్తువులను సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్ వేదికల్లో అమ్మాలంటే మొదట్లో ఎంత చిన్నవారైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలో అమ్మే చిన్న వ్యాపారులు నమోదు సంఖ్య తీసుకుని ఆ వేదికల్లో అమ్మవచ్చు.

పథకం ఉంది, పేరు లేదు

చేతివృత్తివారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ గురించి కళాకారులు బాగా అడుగుతారు. అందులో మొదటి శిక్షణకు రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల రుణం ఉన్నాయి. మొదలైనప్పుడు ప్రకటించినవి 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, శిల్పి, బుట్టల అల్లకం, వలల తయారీ వంటివి ఉన్నాయి. వాద్యాల తయారీ, ఇత్తడి పోత అన్న పేర్లు ఆ జాబితాలో లేవు. తప్పెటగుళ్లు, జముకుల కథ, హరికథ వంటి ప్రదర్శన కళలు అసలే లేవు. చెక్కపని చేసేవాడు వడ్రంగి కింద అర్హుడవుతాడా, సారవకోట మండలం బుడితి ఇత్తడి పనివాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి అన్నవి దరఖాస్తు కేంద్రంలో కంప్యూటరు ముందున్న కుర్రవాడు తేల్చే ప్రశ్నలు కావు. తప్పు గడి పడితే పరిశీలనలో తిరస్కరిస్తారు. మండలి చేయగలిగింది ముందే సంబంధిత ఆఫీసుతో మాట్లాడి, ఏది కుదురుతుందో, ఏది కుదరదో రాతపూర్వకంగా తెలుసుకుని ఉంచడం.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజన మరో తలనొప్పి. సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. కళాకారుడి పాత కార్డులో ఒక జిల్లా, ఆధార్‌లో మరో జిల్లా ఉంటే దరఖాస్తు సరిపోలదు. ఆధార్ చిరునామా ముందు మార్చుకుని, తర్వాత కళాకారుడి కార్డు కొత్తగా తీసుకుంటే పని నడుస్తుంది. వరస తప్పితే రెండుసార్లు తిరగాలి.

ప్రచారం: కంటికి కనిపించేది, చెవికి వినిపించేది

ప్రచారం అనగానే ఫేస్‌బుక్ పేజీ తెరవడమే అనుకుంటారు. పేజీ తెరవడానికి ఐదు నిమిషాలు చాలు, అందులో పెట్టడానికి ఏమీ లేకపోవడమే సమస్య. మండళ్లు మొదట తయారు చేయించేది ఒక చిన్న పరిచయ కట్ట: ఒక పేజీ పరిచయం, నాలుగైదు మంచి ఫోటోలు, ఒక నిమిషం వీడియో, ధరల కాగితం, ఎప్పుడూ ఎత్తే ఒక ఫోన్ నంబరు. ఆఖరుది తేలిగ్గా తీసుకోవద్దు. నంబరు మారినా పాత కరపత్రమే తిరుగుతూ ఉండటంతో పోయిన పిలుపులకు లెక్క లేదు.

పరిచయంలో “సుప్రసిద్ధ”, “అఖండ ఖ్యాతి” లాంటి మాటలు పిలిచేవాళ్లకు పనికిరావు. వాళ్లకు కావాల్సినవి: ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఆడతారు, వేదిక ఎంత వెడల్పుండాలి, ఎన్ని మైకులు, కరెంటు అవసరమా, నేల మీద ఆడగలరా. తప్పెటగుళ్లలో మనుషుల మీద మనుషులు ఎక్కుతారు కాబట్టి షామియానా ఎత్తు కూడా రాయాలి. తక్కువ ఎత్తు పందిరి కింద గోపురం కట్టలేక ఆట సగంలో ముగించాల్సి వస్తే తప్పు ముందుగా చెప్పనివాళ్లదే అవుతుంది.

వీడియోలో ఎక్కువగా చెడేది శబ్దం. పదహారు తప్పెటలు ఒక్కసారి మోగితే దగ్గరున్న ఫోన్ మైకు తట్టుకోలేక గరగరమంటుంది. ఇరవై అడుగుల దూరంలో, గాలికి ఎదురు కాకుండా నిలబడి తీస్తే తప్పెట దెబ్బ, గజ్జెల చప్పుడు విడివిడిగా వినిపిస్తాయి. బుడితి ఇత్తడి చెంబుకు ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ, దాని పక్కన ఫోటో తీసినవాడి మొహం కనిపిస్తాయి. కిటికీ పక్కన పెట్టి, ఎదురుగా తెల్ల పంచె కట్టి తీస్తే లోహం నిగనిగ సమంగా వస్తుంది. పక్కన కొలతకు ఒక స్కేలో, చేయో ఉండాలి. నాలుగంగుళాల చెంబును అడుగు చెంబనుకుని తెప్పించుకున్నవాడు తిప్పి పంపుతాడు, ఆ రవాణా ఖర్చు కళాకారుడి మీదే పడుతుంది.

పత్రికల విషయానికి వస్తే జిల్లా పేజీలకు ప్రదర్శన అయిపోయాక పంపే నోటు కన్నా వారం ముందు పంపే నోటు విలువైనది. మొదటిది జ్ఞాపకం, రెండోది జనాన్ని తెస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, టిక్కెట్టు ఉందా అన్నవి మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి. ముఖ్య అతిథుల పేర్లతో మొదలైన నోటులో కళాకారుడి పేరు చివరి వరుసలో ఉంటుంది, చోటు చాలనప్పుడు కోసేసేది ఆ వరుసనే.

పండగల కాలం కూడా లెక్కలోకి రావాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం, అరసవల్లిలో రథసప్తమి మాఘమాసంలో. కార్యక్రమాల జాబితా అంతకు చాలా ముందే ఖాయమవుతుంది. పండగ వారంలో పంపిన వీడియో వచ్చే ఏడాదికి పనికొస్తుందేమో.

ప్రచారం ముందుకెళ్లి పని వెనకబడితే

ఒక చిన్న వీణ వీడియో బాగా తిరిగి, ఒక సంస్థ ఇరవై రోజుల్లో 200 జ్ఞాపికలు కావాలందనుకుందాం. వీణకు రోజున్నర పని, 200కి 300 పని రోజులు. కార్ఖానాలో ఆరుగురుంటే ఇరవై రోజుల్లో 120 పని రోజులు, అంటే 80 వీణలు. “చేస్తాం” అని ఒప్పుకుంటే రెండే దారులు. ఆరని చెక్క వాడటం, లేదా బయట చేయించి తెచ్చివ్వడం. ఆరని పనస చెక్క నెలల్లో వంకర తిరుగుతుంది, నెర్రెలిస్తుంది. బయటి సరుకు తెస్తే ఊరిపేరు పోతుంది. అందుకే అనుభవమున్న మండళ్లు ప్రచారం కన్నా ముందు నెలకు ఎంత చేయగలరన్న లెక్క అడుగుతాయి. 80 ఇప్పుడు, మిగతావి రెండు నెలల్లో, సగం డబ్బు అడ్వాన్సు అని చెప్పగలిగినవాడికి ఆర్డరు పోవచ్చు, పేరు పోదు.

బొమ్మ అమ్మినంత మాత్రాన హక్కు అమ్మినట్టా?

కాపీరైటు చట్టం, 1957లో ఇది కొంచెం మెలికపడిన చోటు. సవర చిత్రకారిణి తనంతట తాను వేసిన బొమ్మను ఎవరైనా కొనుక్కుంటే వాళ్లకు చేరేది ఆ కాన్వాసు. ఆ బొమ్మను చీరల మీద అచ్చువేసుకునే హక్కు కాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టం అనుకుంటుంది. డబ్బిచ్చి “ఫలానా బొమ్మ వేసి పెట్టు” అని పురమాయిస్తే మాత్రం, వేరే ఒప్పందం లేనిపక్షంలో మొదటి హక్కుదారు పురమాయించినవారే. ఒకే చేయి, ఒకే రంగు, ఒకే బొమ్మ, కానీ హక్కు ఎటు పోతుందో అడిగిన తీరును బట్టి మారుతుంది. పురమాయింపు పనికి ధర ఎక్కువుండాలి అనడానికి ఇదే కారణం.

ఫోటోలకూ ఇదే సూత్రం. బృందం డబ్బిచ్చి తీయించుకుంటే బృందానిది, విలేకరి తన పనిగా తీస్తే అది బృందానిది కాదు. ప్రదర్శనకారులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల ప్రత్యేక హక్కు ఉంది, అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోవడం చెల్లదు. ఇక యూట్యూబ్‌లో సొంత పాటకే అభ్యంతరం వచ్చిందని కొన్ని బృందాలు కంగారుపడతాయి. తరతరాల పల్లెపదం ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒక కంపెనీ రికార్డు చేస్తే ఆ రికార్డు మాత్రం ఆ కంపెనీది. పోలిక చూసే యంత్రం ఒక్కోసారి రెంటినీ కలిపేస్తుంది. అభ్యంతరానికి జవాబు పెట్టుకోవచ్చు, పెట్టాలని తెలిసినవారు తక్కువ.

జీఐ ముద్ర ఏం చేస్తుంది, ఏం చేయదు

బొబ్బిలి వీణకు, బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. ఈ చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. గుర్తింపు కాపాడేది పేరునే. మరోచోట పనస వీణ చేయడాన్ని అది ఆపదు, దానికి “బొబ్బిలి వీణ” అని పేరు పెట్టడాన్నే ఆపుతుంది. పదేళ్లకోసారి పునరుద్ధరించాలి. ఊరికి గుర్తింపు వచ్చింది కాబట్టి ముద్ర తనకూ వచ్చేసిందని కళాకారుడు అనుకుంటాడు. కాదు. ప్రతి ఒక్కరూ చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఆ రుసుము 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గింది. ఖర్చు అడ్డంకి కాదు, కాగితం నింపి పంపి వెంటపడేవాళ్లు లేకపోవడమే అడ్డంకి.

వాదనలు మూడు

కళాకారుడు కళే చేయాలి, అమ్మడం మండలి చేయాలి అన్నది మొదటి వాదన. లేపాక్షి వంటి ఎంపోరియంల వెనక ఉన్న ఆలోచన ఇదే. రాత్రంతా హరికథ చెప్పి వచ్చినాయన పొద్దున్నే ఇన్‌వాయిస్ రాయాలంటే కష్టమే. అయితే అమ్మేది మరొకరైనప్పుడు ధర ఎలా పెరిగింది, ఎవరు కొన్నారు అన్న సమాచారం కళాకారుడి దాకా రాదు. ఆ సంస్థ కొనడం తగ్గించిన ఏడాది ఊరంతా ఒక్కసారే ఖాళీగా కూర్చుంటుంది.

కళాకారుడే నేర్చుకోవాలన్నది రెండోది. స్వతంత్రం ఉంటుంది నిజమే. కానీ ఫోన్ బాగా వాడే కుర్రవాడు ముందుకెళ్లి, అతనికన్నా పనితనం ఉన్న పెద్దాయన వెనకబడతాడు. పేరు చేతికి కాకుండా కెమెరాకు వస్తుంది. ఈ వాదం చేసేవాళ్లు దీనికి సరైన జవాబు ఇంకా చెప్పలేదు.

మధ్యేమార్గంగా, ఇంట్లోనో బృందంలోనో ఒకరికి నేర్పాలంటారు కొందరు. కూతురో మేనల్లుడో డిగ్రీ చదివినవాళ్లుంటే లెక్క, ఫోన్ వాళ్లవి, కళ గురువుది. ఆచరణలో బాగా కుదిరేది ఇదే అనిపిస్తుంది. ఆ ఒక్కరు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి ఇద్దరికి నేర్పడం మేలు.

ఇవికాక అమ్మకానికే పెట్టకూడనివి ఉన్నాయా అన్న ప్రశ్న ఉంది. సవరల గోడ చిత్రం పూజకు వేసేది. కాన్వాసు మీదకు వచ్చినప్పుడు ఏ రూపం ఇంటిది, ఏ రూపం అంగడిది అన్నది ఆ గూడెం పెద్దలు తేల్చాలి. మండలి అడగాలి, వినాలి, కాదన్నది కేటలాగులో పెట్టకుండా ఉండాలి.

మండలి పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

చాలా నివేదికల్లో కనిపించేది “ఇంతమందికి శిక్షణ” అన్న అంకె. కుర్చీలు నిండాయని అది చెబుతుంది, అంతకుమించి చెప్పదు. ఆర్నెల్ల తర్వాత అదే జాబితా పట్టుకుని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఎంతమంది తమ పేరున రసీదు రాశారు? ఎంతమంది అడ్వాన్సు అడిగారు, ఎంతమందికి అది వచ్చింది? ఏ బృందం సంఘంగా నమోదై రెండో ఏడాది లెక్కలు కూడా దాఖలు చేసింది? ప్రదర్శన జరిగాక డబ్బు అందడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది? ఈ ఆఖరి ప్రశ్న కళాకారుణ్ణే కాదు, పిలిచిన శాఖను కూడా కొలుస్తుంది. బహుశా అందుకే ఏ నివేదికలోనూ ఆ గడి కనిపించదు.